సంతకానికి తొందరెందుకు?

బీరంగూడ కమాన్ దగ్గర మియాపూర్ ఆటో కోసం నిలబడ్డ ఎవరినడిగినా ఒకటే అంటారు: డబ్బుల్లేకే మెట్రో ఇటు రాలేదు, ఎవరు ముందుకొచ్చినా వెంటనే సంతకం పెట్టేయాలి. నాయకులదీ అదే పాట. నేనొప్పుకోను. డబ్బు పెట్టేవాళ్లు రెండుసార్లు వచ్చారు. బేరమాడటమే మనకు చేతకాలేదు.

2008లో మేటాస్ కూటమి హైదరాబాద్ మెట్రోకి సర్కారు సాయం అక్కర్లేదంది, పైగా తానే సర్కారుకు 30,311 కోట్లు ఇస్తానంది. సర్కారు మురిసిపోయింది. దీని వెనక భూముల వ్యాపారం ఉందని ఢిల్లీ మెట్రో శ్రీధరన్ ఉత్తరం రాస్తే, క్షమాపణ చెప్పమని ఆయన మీదికే లేచారు. లెక్క తెలిసిన ఒక్క మనిషినీ అలా దూరం చేసుకున్నాం. మేటాస్ వెనకున్న కుటుంబానిదే అయిన సత్యం కంపెనీ కుంభకోణం బయటపడ్డాక 2009లో ఆ ఒప్పందం రద్దయింది. మరుసటి ఏడాది అదే మెట్రోని ఎల్ అండ్ టీ దక్కించుకుంది, 1,458 కోట్ల సాయం అడిగి. ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి.

2010 నాటి ఆ ఒప్పందం దెబ్బ మన లైనుకే తగిలింది. మియాపూర్–పటాన్‌చెరు 13.4 కిలోమీటర్లు కూడా ఉన్న రెండో దశకు అనుమతి ఇవ్వాలంటే, పాత లైనూ కొత్త లైనూ ఎలా కలిసి నడుస్తాయో రాసుకుని రమ్మంది కేంద్రం. ఎల్ అండ్ టీ కుదరదంది. చివరికి 2025 సెప్టెంబరులో మొదటి దశంతా తానే తీసుకోవడానికి రాష్ట్రం ఒప్పుకుంది. సుమారు 13,000 కోట్ల అప్పు నెత్తికెత్తుకుంటానంది, కంపెనీ వాటా కింద మరో 2,000 కోట్ల దాకా ఇస్తానంది. కంపెనీని తిట్టి ఏం లాభం? నష్టాన్ని వదిలించుకోవడం దాని పని. రేపు లైను పొడిగిస్తే సంగతేమిటని ఆనాడే గట్టిగా తేల్చుకోవాల్సింది మనవైపు కూర్చున్నవాళ్లు.

ఆలస్యం చేస్తే పెట్టుబడి పారిపోతుందని బెదిరిస్తారు. ముత్తంగి మీదుగా పోయే ఔటర్ రింగ్ రోడ్డును 2023లో 7,380 కోట్లకు 30 ఏళ్లు లీజుకిచ్చేశారు. ఏడాది తిరిగాక దాని మీదే సిట్ విచారణ ప్రకటించారు. తొందరలో మిగిలిందేమిటో?

మన లైనున్న రెండో దశ ‘ఎ’ భాగానికి 2024లో వేసిన అంచనా 24,269 కోట్లు. అందులో దాదాపు సగం అంతర్జాతీయ బ్యాంకుల అప్పు. రూపాయి పడిపోతే భారమెవరిది? రైలు పెట్టెలు ఎవరి దగ్గర కొనాలి? ఛార్జీ పెంచే అధికారం ఎవరిది? ఇవన్నీ సంతకానికి ముందు తేలాల్సిన మాటలు. మెట్రో కావాలని వినతిపత్రాలిస్తున్న కాలనీ సంఘాలు, ఆ ఒప్పందాల ముసాయిదాను తెలుగులో బయటపెట్టమని కూడా అడగాలి. అదీ సంతకాలు కాకముందే.