రిలీవింగ్ లెటరూ, పలక దుమ్మూ

మొన్న లంచ్ టేబుల్ దగ్గర మా టీమ్‌లో ఒకాయన కొత్త లేబర్ కోడ్ల మీద ఉపన్యాసం దంచాడు. 29 పాత చట్టాలు పోయి 4 కోడ్లు వచ్చాయట, 2025 నవంబర్ 21 నుంచి అమలట, ఇక దేశం దూసుకుపోవడమేనట. "అయినా అవన్నీ కూలీలకి గానీ మనకెందుకులే" అని ముక్తాయింపు. మాది మార్కాపురం. ఒళ్ళు మండింది. అప్పటికప్పుడు మాట తోచలేదు, అందుకే ఇక్కడ కక్కుతున్నా.

మార్కాపురం పలక తెలుసుగా? మన అమ్మానాన్నలు అ ఆలు దిద్దిన నల్ల పలక. బడి పలకలకి గిరాకీ పడిపోయింది గానీ రాయి తవ్వడం, కొయ్యడం ఆగలేదు. ఇప్పుడది ఇళ్ళ గోడలకీ నేలకీ పోతోంది. ఆ రాయిలో సిలికా ఉంటుంది. కోసేటప్పుడు లేచే సన్నటి దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. అది నయం కాదు. దుమ్ములో పని మానేసిన చాలా ఏళ్ళకి కూడా బయటపడొచ్చు. చూడ్డానికి టీబీలా ఉంటుంది కాబట్టి టీబీ అనుకుని మందులు మింగించడమూ మామూలే.

సిలికోసిస్ వృత్తి వ్యాధి అనీ, పరిహారం ఇవ్వాలనీ పాత చట్టంలోనూ ఉంది, కొత్త సోషల్ సెక్యూరిటీ కోడ్‌లోనూ ఉంది. నలుగురు యజమానుల దగ్గర చేసుంటే నలుగురి మీదా వాటా వెయ్యొచ్చు కూడా. బాగానే ఉంది. కానీ ఫలానా షెడ్డులో ఫలానా ఏళ్ళు చేశానని చూపించుకోవాలి కదా? రోజు కూలి చేతిలో పెట్టించుకున్న మనిషి ఏం చూపిస్తాడు?

కాగితం విలువ మనకి తెలీదా! నా మొదటి కంపెనీవాళ్ళు రిలీవింగ్ లెటర్ రెండు నెలలు తొక్కిపెడితే నాకు నిద్ర పట్టలేదు. ఆ ముక్క లేకపోతే నా మూడేళ్ళ అనుభవం సున్నా. నాది జీతం పెంపు సంగతి. వాళ్ళది ఊపిరి సంగతి.

కొత్త కోడ్లలో నాకు నిజంగా నచ్చిందీ అదే, అందరికీ నియామక పత్రం ఇవ్వాలన్న రూలు. తీరా వృత్తి భద్రత కోడ్ తెరిచి చూస్తే, గనుల్లాంటివి మినహా అది వర్తించేది పదిమందీ ఆపైన ఉన్నచోట. మరి తొమ్మిది మందితో నడిచే కోత షెడ్డు? పైగా కరెంటుతో నడిచేచోటు ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి పాత లెక్క 10 మందైతే ఇప్పుడు 20. ఇన్‌స్పెక్టర్ గారేమో "ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్" అయ్యారు, ఎక్కడ తనిఖీ చెయ్యాలో కంప్యూటర్ లాటరీ తీస్తుంది.

పాత చట్టాలు మాత్రం ఏం ఉద్ధరించాయి అంటారా? నిజమే, పెద్దగా ఏమీ లేదు. అయితే? టెస్ట్ ఫెయిలవుతోందని టెస్ట్ కేసే తీసేస్తామా? (తీసేసేవాళ్ళున్నారు, పేర్లు చెప్పను.)

ఇక "మనకెందుకులే" మహాశయుడికి: పని గంటల సెక్షన్ల నుంచి ఐటీ కంపెనీలకి మన రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్ళ తరబడి మినహాయింపులిస్తూ వచ్చారు నాయనా. రాత్రి పదకొండింటి కాల్ ఊరికే రాలేదు.

ఆ కోడ్‌లోనే ఇంకో దారి ఉంది. ప్రాణాపాయం ఉన్న పని అని ప్రభుత్వం నోటిఫై చేస్తే ఒక్క కార్మికుడున్నా అది వర్తిస్తుంది. పలక రాయి కోత, తొమ్మిది మంది షెడ్లతో సహా, ఆ జాబితాలో ఉండాలి. మార్కాపురంలో ఓట్లడగడానికి వచ్చేవాళ్ళని ముందు అడగాల్సింది ఇదే.