ఆయుధం దించినవాడి బతుకు మాటేమిటి?

యుద్ధానికి పథకం వేసేవాళ్లు గెలిచిన మర్నాటికి కూడా పథకం వేయాలని అందరూ అంటారు. ఆ పథకంలో మొదటి పద్దు ఏది అన్న దగ్గరే తేడా వస్తుంది. నా దృష్టిలో అది ఎన్నికలూ కాదు, రాజ్యాంగమూ కాదు. నిన్నటిదాకా కత్తి పట్టి బతికినవాడు రేపు ఏం తిని బతకాలి, అతనికిచ్చిన మాట పై అధికారి మారినా చెల్లుతుందా అన్నదే. ఇందుకు సాక్ష్యం మన గడ్డ మీదే ఉంది. 1800 అక్టోబరులో నిజాం తన రక్షణకు ఉంచిన ఆంగ్ల సైన్యం ఖర్చుల కింద ఈస్టిండియా కుంఫిణీకి వదులుకున్న దత్తమండలాల్లో కంభం, దూపాడు కూడా ఉన్నాయి. అంటే నేటి గిద్దలూరు నుంచి త్రిపురాంతకం దాకా ఉన్న సీమ.

ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎదురుగా సొంత బలగాలున్న స్థానిక నాయకులు, దాదాపు 80 మంది పాలెగాళ్లు, నిలిచారు. సైన్యం వాళ్ల కోటలను అణచింది. కొందరికి భరణాలు దక్కాయి, కొందరు ఖైదయ్యారు. మన్రో మాత్రం అక్కడితో ఆగలేదు. ఏడేళ్లు అక్కడే ఉండి పొలం పొలం కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేయించాడు. ఆ శిస్తు పంటలో సుమారు 45 శాతం! అది మోయలేని భారమని అతనికే తెలిసింది. 1807లో వెళ్లిపోతూ నాలుగో వంతు తగ్గించమని రాశాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు సరికదా, ఊళ్లకు ఊళ్లను మూడేళ్లకు, ఆపై పదేళ్లకు కౌలుకిచ్చారు. కౌలుదార్లూ రైతులూ ఎందరో చితికిపోయారు. తిరిగి మన్రోయే మద్రాసు గవర్నరైతే గాని ఆ తగ్గింపు అమలుకు రాలేదు. క్షేత్రంలో ఉన్నవాడి అనుభవాన్ని దూరాన కూర్చున్న కచ్చేరీ కొట్టిపారేస్తే నష్టపోయేది ఎవరో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

కత్తి దించినవాళ్ల లెక్క ఇంకా ఆలస్యంగా తేలింది. వారసులు లేరని ఆగిపోయిన నొస్సం పాలెగాడి భరణంలో తనకు వాటా రావాలన్నది పాలెగాళ్ల వంశీకుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దావా. ఆ దావా చెల్లలేదు. అదే కాలంలో ఊరి కాపలా కాసే కట్టుబడి బంట్రోతుల ఇనాము భూములను సర్కారు వెనక్కి లాక్కుంటోంది. 1846లో అతను కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డప్పుడు వెంట నడిచింది ఆ కట్టుబడివాళ్లే. గిద్దలూరు దగ్గర, నల్లమలలో పోరు సాగింది. 1847 ఫిబ్రవరిలో అతన్ని ఉరితీశారు. మన్రో వెళ్లిన నలభై ఏళ్లకు కూడా పాలెగాళ్లతో, వాళ్ల బలగాలతో చేసుకున్న ఏర్పాటు కుదుటపడలేదన్నమాట.

వలస పాలనను పునర్నిర్మాణానికి నమూనా చేస్తారా అని అడగవచ్చు. నమూనా కాదు. కుంఫిణీకి కావలసింది శిస్తు, జనం కాదు. ఎవరి సమ్మతీ అడగలేదు. అయినా శిస్తు కోసమే ఉన్న పాలన సైతం బతుకుతెరువు తెంచితే నిలకడ పొందలేకపోయిందంటే, ప్రజల పేరు చెప్పి వచ్చే సైన్యాలకు ఆ బాధ్యత రెట్టింపు. పాత బలగాలను పోషిస్తే పాత దౌర్జన్యమే మిగులుతుందన్న అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. పాలెగాళ్ల దోపిడీకి రైతులు నలిగిన మాట నిజం. కానీ అధికారం తీసేయడం వేరు, కూడు తీసేయడం వేరు. ఆ తేడా చూడకుండానే 2003 మే 23న బాగ్దాదులో అమెరికా నియమించిన పాలనాధికారి పాల్ బ్రెమర్ ఇరాక్ సైన్యాన్ని ఒక్క ఉత్తర్వుతో రద్దు చేశాడు. లక్షల మంది ఆయుధ విద్య తెలిసినవాళ్లు జీతం లేకుండా వీధిన పడ్డారు. నిరసనలు రేగాక, నెల తర్వాత గాని భృతి ప్రకటించలేదు. అప్పటికే వాళ్లలో కొందరు తిరుగుబాటు దారి పట్టారు. ఆ భృతి ఉత్తర్వు రద్దు ఉత్తర్వుతో పాటే, అదే కాగితం మీద రావలసింది.