మెల్లకన్ను అదృష్టమన్నదెవరు?

పిల్లగానికి మెల్ల ఉంటే ఇంటికి లక్ష్మి వచ్చినట్టేనట. చెప్పేటోళ్లకు పోయేదేమీ లేదు. పోయేది పసిపిల్ల కన్ను.

మా చిన్నమ్మ కొడుకుకు రెండేండ్లప్పుడే ఎడమ కన్ను ముక్కు దిక్కు తిరిగింది. 'అదృష్టం, ముట్టకుండ్రి' అన్నది నాయనమ్మ. బడిలో తోటి పిల్లలు పెట్టిన పేరుకు వాడు అలవాటు పడ్డడు. ఇరవై రెండేండ్లకు, పెండ్లి సంబంధాలు చూసే యాళ్లకు, ఇంట్లో వాళ్లకు ఆపరేషన్ యాదికొచ్చింది. చేయించిన్రు. కన్ను చక్కగైంది, ఫొటోలో మంచిగ కనబడుతడు. కానీ ఆ కంటితో చార్టు మీది పెద్దక్షరం కూడా చదవలేడు. లారీ లైసెన్సుకు పోతే కండ్ల పరీక్షలోనే ఆగిపోయిండు.

ఆపరేషన్ తప్పు కాదు. తప్పంతా ఇరవై ఏండ్ల ఆలస్యానిది.

కన్ను బొమ్మను పంపుతది, చూసేది మెదడు. రెండు కండ్లు రెండు దిక్కులు చూస్తే రెండు బొమ్మలు అందుతయి. పెద్దోళ్లకైతే ఒక్కటి రెండుగ కనబడుతది. పసి మెదడు అట్ల సతమతం కాదు, వంకర కన్ను పంపే బొమ్మను పక్కన పడేస్తది. ఏండ్లకేండ్లు పడేస్తే ఆ కన్ను చూపు నేర్వదు. పసితనంలో చూపు ఎట్ల కుదురుతదో పిల్లికూనల మీద పరిశోధించి చూపిన హ్యూబెల్, వీసెల్‌లకు 1981లో నోబెల్ వచ్చింది. మన రచ్చబండకు మాత్రం ఆ ముచ్చట ఇంకా చేరలేదు.

ఇక భయాల సంగతి. కనుగుడ్డును బయటకు తీసి పెడతరన్నది ఉత్త పుకారు. ఒక్కో కంటికి కదిలించే కండరాలు ఆరు. ఎక్కువ గుంజేదాన్ని వెనక్కి జరిపి కుడతరు, వదులైనదాన్ని కొంత కోసి బిగిస్తరు. పిల్లలకు పూర్తి మత్తు ఇస్తరు, చాలాసార్లు అదే రోజు ఇంటికి పంపుతరు. కొన్ని వారాలు ఎరుపు ఉంటది. కొందరికి రెండోసారి చేయాల్సి వస్తది, ఇది ముందే తెలుసుకోవాలె. బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే డాక్టరు ఏడేండ్ల పిల్లగానికి ఈ ఆపరేషన్ చేసింది 1839లో. కొత్త ప్రయోగమేమీ కాదు.

అట్లని ప్రతి మెల్లకూ కత్తి అక్కెర లేదు. ప్లస్ పవర్ వల్ల వచ్చేది కొందరికి అద్దాలతోనే సర్దుకుంటది. పుట్టిన మొదటి రెండు మూడు నెలలు కండ్లు అటూఇటూ తిరిగినా బెదరొద్దు. ఆ తర్వాత కూడా తిరుగుతుంటే ఆగొద్దు. ఆరు నెలల లోపే వచ్చి నిలిచిపోయిన మెల్లను రెండేండ్ల లోపు సరిచేస్తే రెండు కండ్లూ కలిసి పనిచేసే ఆశ ఎక్కువ. కంటిపాప తెల్లగ మెరిస్తే మరునాటిదాకా కూడా ఆగొద్దు, అది కంటి క్యాన్సర్ కావచ్చు.

అసలు బరువు ఆపరేషన్ కాదు, పట్టీ. మంచి కన్నును రోజూ కొన్ని గంటలు మూసి, మొద్దుబారిన కంటికి పని చెప్పాలె. నెలలు పడుతది. మళ్ల మళ్ల డాక్టరుకు చూపించాలె. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్లు. పోయిన ప్రతిసారి తల్లిదండ్రుల కూలి పోతది. రెండోసారికే మానేస్తే ఆ తల్లిని తిట్టే హక్కు ఎవరికున్నది? ఆపరేషన్ పట్నంలో చేయండి, పట్టీ చూసేటోళ్లను జిల్లా దవాఖానలో పెట్టండి.

2018లో కంటివెలుగు పెట్టి ఊరూరా అద్దాలు పంచిన్రు, మంచిదే. కానీ 'నాకు కనబడ్తలేదు' అని నోరు తెరిచి చెప్పేటోళ్లకు శిబిరం చాలు. రెండేండ్ల పిల్ల ఏమని చెప్తది? అంగన్‌వాడీ పిల్లలను పరీక్షించాలని 2013లోనే కేంద్రం బాల స్వాస్థ్య కార్యక్రమం పెట్టింది. బరువు తూచే రోజే కండ్లూ చూడొచ్చు. ఒక కన్ను చేత్తో మూస్తే పిల్ల ఊకుంటది, రెండోది మూస్తే ఏడ్చి చెయ్యి నెట్టేస్తది. అంటే మొదట మూసిన కంటికి చూపు సరిగ లేదని అనుమానించాలె. దీనికి మిషనూ వద్దు, బడ్జెట్టూ వద్దు.