గుండె కొట్టుకుంటూండగా మరణమేమిటి?

ప్రశ్న: మావారు ఈమధ్య అవయవదానానికి ఒప్పుకుంటూ కార్డు మీద సంతకం చేసి వచ్చారు. అప్పటినుంచి మా అత్తగారు సరిగ్గా భోజనం చేయడం లేదు. "గుండె కొట్టుకుంటూండగానే కోసి తీస్తారట" అని ఒకటే ఏడుపు. ఇది నిజమేనా? కార్డు రద్దు చేసుకోవచ్చా?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: మీ అత్తగారు విన్నది నిజమే, కాని సగమే విన్నారు. ఆవిడను కసురుకోకండి. పక్కన కూర్చోబెట్టుకుని మిగతా సగం చెప్పండి.

గుండెకు తనంతట తాను కొట్టుకునే శక్తి ఉంది. ఊపిరికి అలా కాదు. మెదడు అడుగుభాగం నుంచి ఆజ్ఞ రావాలి. తలకు పెద్ద దెబ్బ తగిలో, మెదడులో నరం చిట్లో ఆ భాగంతో సహా మెదడంతా చచ్చిపోతే మనిషి ఇక ఊపిరి తీసుకోలేడు. వెంటిలేటరు గాలి పంపుతున్నందువల్ల గుండె కొన్ని గంటలో, కొన్ని రోజులో ఆడుతుంది. ఒళ్ళు వెచ్చగానే ఉంటుంది. అయినా ఆ మనిషి పోయినట్టే. కోమా వేరు. కోమాలో ఉన్నవారి మెదడు బతికే ఉంటుంది, తేరుకునేవారూ ఉన్నారు. వారి గుండెను ఎవరూ ముట్టుకోరు.

మరి పోయాడని తేల్చేదెవరు? 1994 నాటి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. కంట్లో లైటు వేస్తే పాప ముడుచుకుంటుందా, వెంటిలేటరు ఆపితే సొంతంగా ఒక్క శ్వాసైనా తీస్తాడా అని చూస్తారు. గుండె మార్చే డాక్టర్లు ఆ నలుగురిలో ఉండకూడదు.

మొట్టమొదట మనిషి గుండెను మనిషికి అమర్చింది 1967 డిసెంబరు 3న, కేప్‌టౌన్‌లో డాక్టర్ బర్నార్డ్. రోగి 18 రోజులే బతికాడు. కొత్త గుండెను శరీరం తిరస్కరించకుండా ఇచ్చిన మందులు రోగనిరోధక శక్తిని దెబ్బ తీశాయి. న్యుమోనియా వచ్చి పోయాడు. తర్వాత సైక్లోస్పోరిన్ వంటి మెరుగైన మందులు వచ్చాయి. మన దేశంలో విజయవంతంగా గుండె మార్చింది 1994 ఆగస్టులో, ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ వేణుగోపాల్. ఆయన మన రాజమండ్రిలో పుట్టినవారే! ఇప్పుడు గుండె మార్పిడి తర్వాత పదేళ్ళు దాటి బతుకుతున్నవారు ఎందరో ఉన్నారు. మందులు మాత్రం జీవితాంతం వాడాలి.

తీసిన గుండెను చల్లగా ఉంచినా సుమారు నాలుగు గంటల్లో అమర్చేయాలి. 2021 ఫిబ్రవరిలో హైదరాబాదులో ఒక గుండెను మెట్రో రైల్లో తీసుకెళ్ళింది ఆ తొందరకే.

కార్డు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. కాని అసలు సంగతి వినండి. కార్డు ఉన్నా ఆ సమయంలో డాక్టర్లు అడిగేది ఇంటివారినే. మీరు వద్దంటే తీయరు. ఐసీయూ బయట నిలబడ్డ భార్యను, తల్లిని ఈ మాట అడగడం ఎంత కష్టమో మాకు తెలుసు. ముందే ఇంట్లో అనుకున్నవారు ఏదో ఒకటి చెప్పగలుగుతారు. అనుకోనివారు గోడకేసి చూస్తారు. కాబట్టి మీవారు సంతకం చేసే ముందే తల్లికి చెప్పి ఉండవలసింది. ఇప్పుడైనా చెప్పమనండి.

అవయవాలు తీసినందుకు మీకు ఖర్చేమీ పడదు. దేహాన్ని కుట్లు వేసి అప్పగిస్తారు, కర్మకాండకు అడ్డు లేదు.

ఇంట్లో మామూలుగా పోయినవారి గుండె పనికిరాదు. కళ్ళు పనికొస్తాయి, ఆరు గంటల్లోపు తీయాలి. నేత్రనిధికి ఫోను చేసి, రెప్పలు మూసి, తడిదూది పెట్టి, ఫ్యాను ఆపి, తలకింద దిండు ఉంచండి. మీ అత్తగారికి ముందు ఈ సంగతి చెప్పి చూడండి.