అర్థశాస్త్ర పరిశోధకుల ఊరి ఖర్చు మనం భరిద్దాం

పాత మహబూబ్‌నగర్ జిల్లా అవురుపల్లి, డోకూరు గ్రామాల్లో ఇక్రిశాట్ 1975లో ఇంటింటి సర్వే మొదలుపెట్టింది. పంట పోయిన ఏడు పల్లె కుటుంబాలు ఎలా నెట్టుకొస్తాయన్న ప్రశ్నపై రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో అవురుపల్లి లెక్కలు ఉన్నాయి. ఊళ్లోనే మకాం పెట్టి ఆ లెక్కలు రాసినవారికి జీతం ఇచ్చే సంస్థ వెనక ఉంది కాబట్టే అది సాధ్యమైంది. ఈనాడు మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న చాలామందికి ఊరికి పోయొచ్చే బస్సు చార్జీ కూడా సొంత జేబులోంచే. ఆ ఖర్చు పంచుకోమని ఇక్కడా, విదేశాల్లోనూ స్థిరపడిన ఆ విభాగాల పూర్వ విద్యార్థులనూ, సర్వేలు చేయించే సంస్థలనూ కోరుతున్నాను.

జేఆర్‌ఎఫ్ ఉంది కదా అనవచ్చు. 2023 నుంచి అది నెలకు 37,000 రూపాయలు. అయితే నెట్ గట్టెక్కినవారిలోనూ కొద్దిమందికే వస్తుంది. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ లేనివారికి ఇచ్చే 8,000 రాష్ట్ర విశ్వవిద్యాలయాల వారికి వర్తించదు. ఐసీఎస్‌ఎస్‌ఆర్ ఇచ్చే 20,000 మంచి ఆసరాయే గానీ దానికి దేశమంతా పోటీ. ఇవేవీ అందనివారు గ్రూప్స్ కోచింగ్ సెంటర్లలో ఎకానమీ పాఠాలు చెప్పుకుంటూ థీసిస్‌ను సెలవు రోజులకు నెట్టుకుంటారు.

ప్రభుత్వ గణాంకాలు ఉచితంగా దొరుకుతుంటే ఊరికి పోవడం ఎందుకన్నది మరో ప్రశ్న. కౌలు సంగతే చూడండి. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కింద సాగుదారు కార్డు రావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని జంకేవారు ఎందరో. అందుకే నోటిమాట కౌళ్లు చాలావరకు కాగితం మీదికి రావు. కౌలు ఎంత, పురుగుమందుల కొట్లో బాకీ ఎంత, ఆ బాకీకి పంట అక్కడే తోలాలా అన్నవి కూర్చుని అడిగితేనే తెలుస్తాయి. పగలంతా చేనుకో కూలికో పోయిన మనిషి సాయంత్రం నీళ్లు పోసుకుని, తిన్నాక గానీ తీరిగ్గా మాట్లాడడు. అప్పటికి ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. ఊళ్లో గది కావాలి. పరిశోధకురాలు ఒంటరిగా ఉండలేకపోతే తోడు వచ్చినవారి ఖర్చూ చూడాలి. ఆ డబ్బు లేకపోతే సర్వే చేయాల్సిన ఊరిని పరిశోధన అవసరం కాక బంధువుల ఇల్లు నిర్ణయిస్తుంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

ఇది ప్రభుత్వ బాధ్యతే, అడుగుతూనే ఉండాలి. కానీ థీసిస్ గడువు బడ్జెట్ కోసం ఆగదు. ఒక్కొక్కరికి 60,000 చొప్పున ఇస్తే, ఒక జేఆర్‌ఎఫ్ ఏడాది మొత్తంలో ఏడుగురి సర్వే పూర్తవుతుంది. అంశం ఎంపికలో దాతల ప్రమేయం ఉండకూడదు. బయటి విశ్వవిద్యాలయాల అధ్యాపకులు ఎంచాలి. బిల్లులు తెస్తే ఇస్తామంటే చేతిలో డబ్బు లేనివారు బయల్దేరనే లేరు, కాబట్టి ముందుగానే ఖాతాలో వేయాలి. సర్వే సంస్థలు ఎంఏ విద్యార్థులను తీసుకుంటే రోజు కూలి, బస్సు చార్జీ, భోజనం ఖర్చు ఇవ్వాలి, నివేదికలో వారి పేరు వేయాలి. అనుభవం వస్తుందని ఉచితంగా చేయించుకుంటే ఇంట్లో ఆధారం ఉన్నవారే ఆ అనుభవం పొందుతారు. చాలా ఊళ్లలో కౌళ్లు ఉగాది ముందూ వెనకా మాట్లాడుకుంటారు. ఆలోగా మీరు చదివిన విభాగాధిపతికి ఒక ఉత్తరం రాసి, ఒక్క పరిశోధకుడి ఖర్చయినా మీ పేరున రాయించుకోండి.