మదర్‌బోర్డును గూర్చి ఒక మాట

కంప్యూటరు గదిలో ఏ బాలుని అడిగినను, ప్రాసెసరే కంప్యూటరునకు మెదడని తడుముకొనక చెప్పును. మదర్‌బోర్డు పని యేమని అడిగినచో, అన్ని భాగములను కలుపునని చెప్పి ఊరకుండును. పరీక్షకు ఆ జవాబు చాలును గాని, మాకు చాలదు.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములవారికి ఈ విషయమున ఉపమానము వెదుక బనిలేదు. పాశమైలారములో కర్మాగారము ఎంత గొప్పదైనను, సబ్‌స్టేషను నుండి విద్యుత్తు రానిచో, సరకుల లారీకి దారి లేనిచో, అది వట్టి గోడలే గదా! మదర్‌బోర్డు ఆ పారిశ్రామికవాడ వంటిది. గాజునార పలకలో పొరలుపొరలుగా నున్న రాగిగీతలు దాని బాటలు. లోనికి వచ్చు 12 వోల్టుల విద్యుత్తును ప్రాసెసరు భరింపగల సుమారు 1 వోల్టునకు దింపి యిచ్చునదియు ఆ పలకయే. స్విచ్చి నొక్కినంతనే ప్రాసెసరు చదువవలసిన తొలి యాజ్ఞలు దానిపైని చిన్న చిప్పులో నున్నవి. అవి లేనిచో, ఆ మెదడునకు కీబోర్డు ఎచ్చట నున్నదో కూడ తెలియదు.

1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఈ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి. 12 మొదలగు కంప్యూటరులను నిర్మించినది. అవి ఇంటి బల్లపై ఇముడునవి కావు. 1981లో ఐ.బి.ఎం. వారు తమ పర్సనల్ కంప్యూటరు పలకపై 5 ఖాళీ గాడులు విడిచి, ఇతరులును కార్డులు చేయుటకు వలయు వివరములను ప్రకటించిరి. మాకు మిక్కిలి గొప్పగా తోచునది ఇదియే. ఎవరో ఎన్నడో చేయబోవు వస్తువునకు ముందుగనే చోటుంచుట!

నేటి కొనుగోలుదారులు ప్రాసెసరు పేరడిగి తృప్తిపడుచున్నారు. మెమొరీ పెంచుటకు ఖాళీ గాడి కలదా, లేక మెమొరీని పలకకే టంకము వేసినారా యని అడుగుడని తలిదండ్రులకు మనవి చేయుచున్నాము. టంకము వేసినచో తరువాత పెంచుట మిక్కిలి కష్టము.

మా యెరుకలోని ఒక కంప్యూటరు ప్రతి ఉదయము తేదీ మరచెడిది. క్రొత్తది కొనుడని ఒకరు సలహా యిచ్చిరి. విప్పి చూడగా, పలకపైని 3 వోల్టుల నాణెపు బ్యాటరీ అయిపోయి యుండెను. దానిని మార్చితిమి, తేదీ నిలిచినది. అన్ని వ్యాధులును ఇంత సులభము గావు. కాలిన బాటను బాగుచేయు నేర్పు మాకు లేదు. అయినను, విప్పి చూడకయే చచ్చినదనుట న్యాయము గాదు.

నిజముగా చచ్చినదానిని పాత ఇనుము బండివానికి వేయరాదు. పాత పలకల టంకములో సీసమున్నది. రాగి కొరకు కాల్చినచో వచ్చు పొగ విషమే. నక్కవాగు కాలుష్యమునకై 1990లో సుప్రీంకోర్టు తలుపు తట్టవలసివచ్చిన సీమ యిది. ఇచ్చటివారికి ఈ మాట విప్పి చెప్ప నక్కరలేదు. నమోదైన రీసైక్లింగు సంస్థకే ఇయ్యవలెను.

దానికి ముందు ఒక్కటి మాత్రము తరగతి బల్లపై నుండనిండు. పిల్లలు పాడుచేయుదురని కొందరందురు. పాడైనదానిని ఇంకను పాడుచేయుట యెట్లు? ఒక బాలిక ఆ రాగిబాటను వ్రేలితో వెంబడించుచు ఎచ్చటికి పోవునో కనుగొన్నచో, పుస్తకములోని పటము ఆమెకు మరల అవసరము గాదు. మొదటి పలకను మేమే తెచ్చి యిత్తుము.