‘చిన్న’ అను మాట చాలునా?

ఆంగ్ల పాఠములలో బాలురకు తొలుతనే పరిచయమగు విశేషణములు ‘స్మాల్’, ‘లిటిల్’ అనునవి. రెండింటికిని ‘చిన్న’ అని అర్థము వ్రాయించి ఉపాధ్యాయుడు ముందుకు సాగును. పిదప వచ్చు ‘టైనీ’, ‘మైన్యూట్’ అను మాటలకు ‘మిక్కిలి చిన్న’ అనియే అర్థము. పరీక్షకు ఇది చాలవచ్చును, భాషకు చాలదు.

‘స్మాల్’ ప్రధానముగా కొలతను తెలుపు మాట. అందుచేతనే ‘స్మాలర్’, ‘స్మాలెస్ట్’ అను రూపములు నిరాటంకముగా చెల్లుచున్నవి. ‘లిటిల్’ తరచుగా చూచువాని మనస్సును గూడ తెలుపును. ‘స్మాల్ హౌస్’ అన్నచో గదులు తక్కువయని తోచును. ‘లిటిల్ హౌస్’ అన్నచో ఆ ఇంటిపై మమకారమో, జాలియో ధ్వనించును. 1969లో చంద్రునిపై కాలు మోపిన ఆర్మ్‌స్ట్రాంగ్ తన అడుగును ‘స్మాల్’ అనెను. మానవజాతి వేసిన పెద్ద అంగతో దానిని పోల్చి కొలుచుటయే అచట ఉద్దేశము. 1868లో లూయిసా మే ఆల్కాట్ తన నవలకు ‘లిటిల్ విమెన్’ అని పేరిడెను. అచట ‘స్మాల్’ అను మాట నుంచినచో ఆ నలుగురు అక్కచెల్లెండ్రు ఆకారమున చిన్నవారని మాత్రమే తోచును.

తక్కిన మాటలకును వేరువేరు స్వభావములు కలవు. శిశువు వ్రేళ్లను చూచి అబ్బురపడువాడు ‘టైనీ’ అనును. సూక్ష్మదర్శినిలో పరిశీలించువాడు ‘మైన్యూట్’ అనును. జ్వరము, సందేహము తీవ్రములు కానప్పుడు ‘స్లైట్’ చెల్లును. ఫ్రెంచి నుండి వచ్చిన ‘పెటీ’ మొదట నిందలేని మాటయే. చిల్లర ఖర్చుల సొమ్మును నేటికిని ‘పెటీ క్యాష్’ అందురు. మనిషి బుద్ధికి చేర్చినచో మాత్రము అది తిరస్కారమగును.

ఇట్టి భేదములు తెలుగు బాలునికి క్రొత్తవి కావు. చిట్టిచేతులు, చిరునవ్వు, పిల్లకాలువ, స్వల్పజ్వరము, అల్పబుద్ధి అని అతడు తడుముకొనక పలుకును. పిల్లకాలువను చిట్టికాలువ యనడు. చిరునవ్వును అల్పనవ్వు యనడు. ఇంట నేర్చిన ఈ వివేకమును బడిలో వినియోగింపక, అన్నింటికిని ‘చిన్న’ అను ఒక్క ముద్ర వేయుట వలన ఆంగ్లము అబ్బదు, తెలుగు వాడి తగ్గును.

చిన్న తరగతులవారికి ఇన్ని భేదములు భారము కావా యని కొందరనవచ్చును. అన్నియు ఒక్కనాడే చెప్పనక్కరలేదు. కాని ఉపేక్షకు ఫలము స్వల్పము కాదు. వైద్యుడు రోగి విషయమున ‘లిటిల్ హోప్’ అన్నచో ఆశ దాదాపు లేదని భావము. ‘ఎ లిటిల్ హోప్’ అన్నచో కొంత ఆశ కలదని భావము. ఒక్క అక్షరము ఇంటివారికి ధైర్యమియ్యగలదు, తీసివేయగలదు. రెండింటికిని ‘కొంచెము ఆశ’ యని అర్థము వ్రాసికొన్న విద్యార్థి అట్టి సమయమున ఏమి గ్రహించును?

కావున విశేషణమును ఒంటరిగా నేర్పరాదు. అది ఏ నామముతో కూడునో ఆ నామముతోనే నేర్పవలెను. ‘స్లైట్ ఫీవర్’ ప్రక్కన స్వల్పజ్వరము, ‘పెటీ మైండ్’ ప్రక్కన అల్పబుద్ధి వ్రాయించినచో ఒక్క పాఠముతో రెండు భాషలును బలపడును. ఇందుకు ఆంగ్లోపాధ్యాయుడు, తెలుగు పండితుడు ఒకరినొకరు సంప్రదించుకొనిన చాలును. క్రొత్త గ్రంథములతో పనిలేదు.